వద్దంటే వడ్డన: ఇంటూ గుర్తుకు సరికొత్త భాష్యం

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. పాపం, సగం దగ్గరే ఆగిపోయారు. నోరు మూసుకుని కూర్చున్నవాడు సగం ఒప్పుకున్నట్టయితే, నోరు తెరిచి "వద్దు" అన్నవాడు ఎంత ఒప్పుకున్నట్టు? ఇన్ని తరాలుగా ఎవరికీ తేలని ఈ లెక్కను మైక్రోసాఫ్ట్ కంపెనీ 2016 మే నెలలో విండోస్ 10తో తేల్చి చూపింది. వద్దు అంటే పూర్ణాంగీకారం.

తెలియని కుర్రకారు కోసం కాస్త పూర్వకథ. విండోస్ 10 విడుదలైంది 2015 జూలై 29న. విండోస్ 7, 8.1 వాడేవాళ్లకు సరిగ్గా ఏడాదిపాటు ఉచితం. మూడేళ్లలో వంద కోట్ల పరికరాల్లోకి దీన్ని ఎక్కిస్తామని విడుదలకు ముందే కంపెనీ సభాముఖంగా చెప్పేసుకుంది. వంద కోట్ల విస్తళ్లు వేశాక ఎవరో వచ్చి "నాకు ఆకలి లేదండీ, ఏడుతోనే కడుపు నిండింది" అంటే వంటవాళ్ల పరువేం కావాలి? మన పెళ్లిళ్లలో చూడండి. విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టినా, వేళ్ల సందుల్లోంచి సాంబారు పోసి పోతాడు వడ్డించేవాడు. దాన్ని ఆప్యాయత అంటామే గానీ కోర్టుకెక్కుతామా?

అమెరికావాళ్లు ఎక్కారు. ఆ ముచ్చట తర్వాత.

ముందు వడ్డన ఎలా జరిగిందో చూద్దాం. కేబీ3035583 అని ఒక అప్‌డేట్. నంబరు చూస్తే ఏ భద్రతా లోపానికో వేసిన అతుకనిపిస్తుంది. లోపల ఉన్నది "గెట్ విండోస్ 10" అనే ప్రచారకుడు. గడియారం పక్కన తెల్ల కిటికీ బొమ్మగా నిలబడి రోజూ పలకరిస్తాడు. వదిలించుకోవడానికి కంట్రోల్ ప్యానెల్‌లో ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్ల జాబితా తెరిచి, ఆ నంబరు వెతికి తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, మళ్లీ అప్‌డేట్ల జాబితాలోకి వెళ్లి, దానిమీద రైట్ క్లిక్ కొట్టి హైడ్ అనాలి. అంటే పోతుంది. కంపెనీ అదే నంబరుతో సవరించిన ప్రతిని మళ్లీ వదిలినప్పుడు మాత్రం, పాత దాపరికం దానికి వర్తించదు గనుక, వీధి గుమ్మంలోంచి సాగనంపిన చుట్టం పెరటి గుమ్మంలోంచి వచ్చినట్టు వస్తుంది. 2016 ఫిబ్రవరిలో విండోస్ 10కి "ఐచ్ఛికం" నుంచి "సిఫార్సు చేసినది" స్థాయికి ప్రమోషన్ వచ్చింది. సిఫార్సు చేసినవన్నీ వాటంతటవే దిగాలని ఎప్పుడో ఒకసారి టిక్కు పెట్టి మరిచిపోయినవాళ్లందరూ ఆ రోజుతో పెళ్లికి ఒప్పుకున్నవాళ్ల జాబితాలో చేరిపోయారు.

సరుకు సంగతి. సీ డ్రైవ్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే పేరుతో ఒక దాగుడు ఫోల్డర్ వెలుస్తుంది. యజమాని అడిగినా అడక్కపోయినా అందులోకి మూడున్నర నుంచి ఆరు జీబీల దాకా ఫైళ్లు దిగుతాయి. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోని చింకో అడవుల్లో జంతువుల వేటగాళ్లను పట్టుకునే బృందం లాప్‌టాప్‌లు అరకొర శాటిలైట్ ఇంటర్నెట్ మీద నడిచేవి. వాటిలో కూడా ఈ దిగుమతి మొదలైందని 2016 జూన్‌లో మొర వినబడింది. అడవిలో ఉన్నవాళ్లకు కూడా విస్తరి అందాలన్న తపనను మనం అర్థం చేసుకోవాలి. మన దగ్గరేమో, నెలకు ఒకటో రెండో జీబీల డాంగిల్ ప్యాకు వేయించుకుని పొదుపుగా వాడుకునే రోజులవి. ప్యాకు ఒక్క రాత్రిలో ఎటు ఆవిరైందో తెలియక కనెక్షన్ ఇచ్చినవాణ్ణి తిట్టుకున్న ఇళ్లలో ఇది కూడా ఒక అనుమానితుడే. ఉచిత అప్‌గ్రేడ్ గడువు 2016 జూలై 29తో ముగిసింది, జియో ఉచిత డేటా సెప్టెంబర్ 5న మొదలైంది. ఉచితంగా దిగే సరుక్కీ, దాన్ని ఉచితంగా మోసుకొచ్చే బండికీ మధ్య 38 రోజుల తేడా. జాతకాలు కలవలేదు.

ఇక అసలు ఘట్టం, ఇంటూ గుర్తు.

మొదట్లో తెర మీదికి వచ్చిన పెట్టెలో రెండే బటన్లు ఉండేవి. ఒకటి ఇప్పుడే అప్‌గ్రేడ్, రెండోది ఈ రాత్రికి అప్‌గ్రేడ్. పెళ్లికొడుకు నచ్చాడా అని అడగరు, ముహూర్తం పగలా రాత్రా అని మాత్రమే అడుగుతారు. 2016 మేలో వచ్చిన పెట్టె ఇంకా మర్యాదస్తురాలు. ముహూర్తం కూడా తనే పెట్టేసి, ఫలానా తేదీ ఫలానా గంటకు మీ కంప్యూటర్ మారబోతోందని శుభలేఖ చూపిస్తుంది. కింద రెండు బటన్లు: ఓకే, ఇప్పుడే అప్‌గ్రేడ్. రద్దు చేసుకోవాలంటే పైన వాక్యం మధ్యలో "ఇక్కడ" అనే చిన్న మాట ఒక లింకుగా ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. పై మూలన ఎర్రని ఇంటూ కూడా ఉంటుంది. జనం దాన్నే నొక్కారు.

మనం ఒకటో క్లాసు నుంచి నేర్చుకున్నదేమిటి? టిక్కు అంటే రైటు, ఇంటూ అంటే తప్పు. పలక మీద పంతులుగారు ఇంటూ గీస్తే "సరే, కొట్టిన లెక్క రాత్రికి ఖాయం" అని ఎవరూ అర్థం చేసుకోలేదు. ఇరవై ఏళ్ల విండోస్ అలవాటు కూడా అదే, 95 నుంచీ ఆ మూలన నొక్కితే రద్దు. అంతెందుకు, మైక్రోసాఫ్ట్ తన ప్రోగ్రామర్లకు రాసిపెట్టిన డిజైన్ నియమాల్లోనే స్పష్టంగా ఉంది: పై మూలన ఉన్న ఇంటూ, పెట్టెలోని క్యాన్సిల్ చేసే పనే చేయాలి, ఓకే చేసే పని దానికి ఎన్నడూ అప్పగించకూడదు. తాను రాసిన శాస్త్రాన్ని తానే దాటడం సామాన్యులకు చేతనయ్యే పని కాదు. ఆ నెలలో ఇంటూ నొక్కితే పెట్టె మాత్రమే మూసుకునేది. ముహూర్తం చెక్కు చెదిరేది కాదు.

న్యాయంగా మాట్లాడాలంటే ఇంకొక ద్వారం ఉంది. అంతా ఎక్కాక, కొత్త తెర మీద లైసెన్సు ఒప్పందం వస్తుంది. అక్కడ డిక్లైన్ అంటే మొత్తం వెనక్కి తిప్పి పాత విండోస్ ఇచ్చేస్తారు. ఇల్లంతా రంగులు వేశాక "వేయమంటారా?" అని అడిగి, వద్దంటే గీకి ఇచ్చే పద్ధతి.

గీకడం ప్రతిసారీ కుదరదు, అదే చిక్కు. విండోస్ 7 కాలపు ప్రింటర్, స్కానర్ కంపెనీలు చాలా మోడళ్లకు కొత్త డ్రైవర్లు (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాంలు) రాయడం మానేశాయి. అప్‌గ్రేడ్‌కు ముందు జరిగే పరీక్ష తనకు తెలిసిన పరికరాలనే పట్టుకుంటుంది, తెలియనివాటిని దైవాధీనం చేస్తుంది. 32 జీబీ నిల్వ ఉన్న చవక మెషీన్‌లో దించిన ఫైళ్లు, పాత విండోస్ నకలు, కొత్త విండోస్ మూడూ కలిస్తే అడుగు పెట్టే చోటుండదు. సగంలో కరెంటు పోతే అటూ కాదు ఇటూ కాదు. సినిమాలు, టీవీ చూపించే విండోస్ మీడియా సెంటర్ వాడేవాళ్లకు అది అసలే మాయం. మన డీటీపీ షాపుల సంగతి సరేసరి. పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్, దానిమీద తెలుగు ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రాం, అన్నీ ఒకసారి కుదిరాయంటే ఆ మెషీన్‌కు దండం పెట్టి వదిలేస్తారు, దుమ్ము కూడా తుడవరు. అలాంటిదాని మీద రాత్రికి రాత్రి కొత్త సంసారం పెడితే, తెల్లారి శుభలేఖలో పెళ్లికూతురి పేరు ఏ ఒత్తులతో వస్తుందో ఊహించుకోండి. తిరిగి వెళ్దామంటే, పాత విండోస్ దాచిన "విండోస్ డాట్ ఓల్డ్" ఫోల్డర్‌కు మొదట్లో నెల రోజుల ఆయుష్షు, తర్వాత దాన్ని 10 రోజులకు కుదించారు. సర్వీసింగ్ కుర్రాడు "రేపు చూద్దాం సార్" అనే వ్యవధి కూడా చాలదు.

వద్దు అని శాస్త్రోక్తంగా చెప్పదలచినవాళ్లకు ఆనాడు ఒక వ్రతవిధానం ఉండేది. విండోస్ లోపలి సెట్టింగులు మార్చే రెజ్ఎడిట్ తెరిచి, లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ అనే మెట్లు దిగి, విండోస్ అప్‌డేట్ అనే కీలో డిజేబుల్ ఓఎస్ అప్‌గ్రేడ్ పేరుతో డీవర్డ్ రకం విలువ ఒకటి సృష్టించి 1 పెట్టాలి. పక్కనే జీడబ్ల్యూఎక్స్ (గెట్ విండోస్ 10కి పొట్టిపేరు) అనే కీ లేకపోతే తయారుచేసి డిజేబుల్ జీడబ్ల్యూఎక్స్‌కు మరో 1. ఒక్క అక్షరం తప్పినా ఫలం దక్కదు. ఈ బాధ చూడలేక స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామర్ 2016 మార్చిలో నెవర్10 అనే చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు. దాని మొత్తం పని ఒక్కటే, మనిషి తరఫున "వద్దు" అనడం.

ఇప్పుడు కోర్టు. కాలిఫోర్నియాలోని సాసలిటోలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ, తను అడగని అప్‌గ్రేడ్ విఫలమై ఆఫీసు కంప్యూటర్ రోజుల తరబడి పనికిరాకుండా పోయిందని, చిన్న మొత్తాల తగవులు తీర్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకెళ్లింది. ఆ కోర్టులో సాధారణంగా రెండు పక్షాలకూ లాయర్లు ఉండరు. అంత పెద్ద కంపెనీకి లాయర్ లేకుండా మాట్లాడాల్సి రావడం ఎంత దయనీయమో ఆలోచించండి. ఆమెకు 10,000 డాలర్లు వచ్చాయి, అప్పట్లో అక్కడ ఒక వ్యక్తికి ఇవ్వగలిగిన గరిష్ఠం అదే. కంపెనీ అప్పీలుకు వెళ్లి, ఇంకా ఖర్చెందుకని విరమించుకుంది, తప్పేమీ ఒప్పుకోలేదు. విండోస్ 10 లైసెన్సులో ఒక వాక్యం ఉంది: ఉచితంగా పొందినవాళ్లకు నష్టపరిహారం 50 డాలర్లకు మించదు. అది చదివి ఆమె ఆగి ఉంటే ఎంత బాగుండేది.

జర్మనీలో బాడెన్-వుర్టెంబర్గ్ వినియోగదారుల సంఘం అంతకన్నా మొండిది. అనుమతి లేకుండా మనిషి డిస్కు మీద ఫైళ్లు దించడమే తప్పని దావా వేసింది. ఇకపై అలా చేయబోమని 2017లో కంపెనీ రాసిచ్చింది, అప్పటికి ఉచిత వడ్డన ముగిసి ఏడాది దాటింది. పంక్తి లేచాక గరిటె కింద పెట్టడమన్నమాట. కంపెనీ అప్పటి మార్కెటింగ్ అధిపతి క్రిస్ కపోసెలా కూడా 2016 డిసెంబర్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో, ఇంటూ విషయంలో హద్దు దాటామని విడుదలైన గంటల్లోనే తెలిసిందని, సరిచేసి పంపడానికి మాత్రం రెండు వారాలు పట్టిందని ఒప్పుకున్నారు. దించడానికి ఒక్క రాత్రి చాలుతుంది, ఆపడానికి పక్షం కావాలి.

మన దేశం వెనకబడలేదు. 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల (తెర మీద వినియోగదారుణ్ణి మభ్యపెట్టే ఎత్తుల) మీద మార్గదర్శకాలు వచ్చాయి. 13 రకాల టక్కుల జాబితా అది. పదేపదే విసిగించడం, బలవంతపు చర్య, తికమక ప్రశ్న అన్నీ అందులో ఉన్నాయి, చదువుతుంటే పాత మిత్రులు కలిసినట్టుంటుంది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెళ్లాలి. అయితే చట్టం దృష్టిలో వినియోగదారుడంటే మూల్యం చెల్లించినవాడు. ఉచితంగా పోసిన సాంబారుకు నువ్వు కొనుగోలుదారువే కాదు పొమ్మనే వాదన అవతలివాళ్ల చేతిలో సిద్ధంగా ఉంటుంది. కాబట్టి కంప్యూటర్ కొన్న బిల్లుతో మొదలుపెట్టండి. తెర మీద పెట్టె కనబడగానే తేదీ, గంట పడేలా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సీ డ్రైవ్‌లో విండోస్, దానిలో పాంథర్ అనే ఫోల్డర్‌లోని సెటప్ లాగ్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి, ఎప్పుడు ఏది మొదలైందో అందులో సెకన్లతో సహా ఉంటుంది. రిపేరు షాపువాడు తెల్లకాగితం మీద రాసిచ్చేది బిల్లు కాదు, జీఎస్టీ నంబరున్నది అడగండి. అడిగితే రేటు పెంచుతాడు, అది వేరే వ్యాసం.

ఇంత బతిమాలి, బలవంతపెట్టి ఎక్కించిన విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మద్దతు ఆగింది. ఇప్పుడు జనమే క్యూ కట్టి విండోస్ 11 ఇమ్మంటున్నారు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలట, భద్రతా తాళాలు దాచే టీపీఎం 2.0 చిప్ కావాలట. 2016లో పెద్దగా అర్హతలు అడక్కుండా విస్తరి వేసినచోట ఇప్పుడు గుమ్మం దగ్గర గోత్రం అడుగుతున్నారు. పాతదానితోనే ఇంకో ఏడాది నెట్టుకొస్తామంటే భద్రతా అప్‌డేట్లకు 30 డాలర్లు, లేదా 1,000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు, లేదా సెట్టింగులు కంపెనీ క్లౌడ్‌కు అప్పగించడం. యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో ఉన్నవాళ్లకు డబ్బు అక్కర్లేదు, అక్కడి వినియోగదారుల సంఘాలకు నోరెక్కువ. శాన్ డియెగోలో ఒకాయన, ఇంకా ఇంతమంది వాడుతుండగా ఎలా ఆపుతారని 2025లో దావా వేశాడు. అప్పుడు ఎక్కించారని కేసు, ఇప్పుడు దించేస్తున్నారని కేసు.

ఈ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోదని చెప్పే పెట్టెకు కూడా పై మూలన ఇంటూ ఉంటుంది. నొక్కి చూడండి, ఈసారి మాత్రం బుద్ధిగా మూసుకుంటుంది.