కోటు పోయి కోట వచ్చె

మొన్న శనివారం పోలిష్ క్లాసుకి బయల్దేరుతూ కోటు వేసుకుని జిప్పు సర్రున పైకి లాగాను. మెడ దగ్గర మఫ్లర్ దారం పళ్ళలో ఇరుక్కుంది. ఇక పైకీ రాదు, కిందికీ రాదు. (జాకెట్ అనొచ్చు గానీ, "జాకెట్ జిప్పు చెడిపోయింది" అని ఫోన్‌లో చెబితే "జాకెట్‌కి హుక్కులు కదరా, అయినా నువ్వెందుకు వేసుకున్నావు" అంటుంది మా అమ్మ. కోటు అనే అందాం.) తల మీంచి తీద్దామంటే భుజాల దగ్గర ఆగిపోయింది. మా గుంటూరు రూమ్మేట్ కాసేపు లాగి, ఇహ లాభం లేదని కత్తెర తెచ్చాడు. వద్దురా బాబూ అన్నాను. వార్సాలో జనవరి, నాకున్నది ఒక్కటే కోటు.

వీధి చివర బట్టలు సరిచేసే చిన్న కొట్టు ఉంది. అందులో కూర్చునే పెద్దావిడకి ఇంగ్లీషు రాదు. వెళ్ళి వేలితో జిప్పు చూపిస్తే పనైపోయేది. కానీ మా క్లాసు మేడమ్‌కి ట్రాన్స్‌లేటర్ యాప్ అన్నా, చేతి సైగలన్నా ఒళ్ళుమంట. "పోలిష్ వాళ్ళు నిజంగా ఎలా అంటారో కార్పస్‌లో చూసుకుని అలాగే అనండి" అంటారు ప్రతి వారం.

కార్పస్ అంటే పోలిష్ జాతీయ కార్పస్. నాలుగు సంస్థలు కలిసి పాత నవలల నుంచి, దినపత్రికల నుంచి, జనం మాట్లాడుకున్న మాటల నుంచి కూడా పోగేసి పెట్టిన 150 కోట్ల పైచిలుకు మాటలు. వెతుక్కోవడం ఉచితం. ఉచితమే గానీ, మాట కొడితే కొట్టిన రూపమే వస్తుంది. మనం చిన్నప్పుడు ఊగుతూ బట్టీపట్టిన డుమువుల్లాంటివి వీళ్ళకీ ఉన్నాయి, ఏడు విభక్తులు. మాట తోక ఏడు రకాలుగా మారుతుంది. అన్నీ కావాలంటే చదరపు బ్రాకెట్టు తెరిచి, బేస్ అని రాసి, ఈక్వల్ టు పెట్టి, మాట రాసి, బ్రాకెట్టు మూయాలి. గొంతు దాకా బిగిసిన కోటులో నిలబడి ఫోన్ కీబోర్డులో చదరపు బ్రాకెట్టు ఎక్కడుందో వెతికి చూడండి, ఈ ఏర్పాటు చేసినవాళ్ళ మీద మీకు ఎంత గౌరవం కలుగుతుందో.

జిప్పుని జామెక్ అంటారని మేడమ్ చెప్పారు. తాళాన్నీ అదే అంటారు. జామెక్ అంటే కోట అని కూడా నాకు తెలుసు. వార్సాలో ఉంటూ రాజుగారి జామెక్ చూడనివాడు ఎవడు? కానీ తలుపు గడి వెయ్యమంటే మనకి దొరగారి గడి గుర్తుకొస్తుందా? నాకూ రాలేదు.

ఫలితాలు వచ్చాయి. ప్రతి వరుసలో నడుమ జామెక్, దానికి అటు నాలుగు మాటలు, ఇటు నాలుగు మాటలు. తలా ఉండదు, మొండెమూ ఉండదు. అందులో ఒకటి, "జామెక్ పద్వ్ పొ ద్వుగిమ్ ఒబ్లెంజెన్యు". పద్వ్ అంటే పడిపోయింది. ఫోన్ చచ్చిపోయినా, సర్వర్ మొరాయించినా మా ఆఫీసులో పద్వ్ అనే అంటారు. పొ ద్వుగిమ్ అంటే "చాలాసేపు ఏదో చేశాక". ఆ ఏదో ఏమిటో తెలియలేదు. కుస్తీ అయ్యుంటుందిలే అనుకున్నాను. చాలాసేపు కుస్తీ పట్టాక జిప్పు పోయింది! నా బాధ నాకంటే ముందే పడ్డవాడు ఒకడున్నాడని కళ్ళు చెమర్చాయి. నాలుగంతస్తుల మెట్లు దిగుతూ బట్టీపట్టాను.

బయట మైనస్ 8. కొట్టులో హీటర్. కోటులో నేను, నా చెమట. "ప్రొషె పాని" అని మొదలుపెట్టాను. అమ్మగారూ అని పిలవడం అన్నమాట. (హైదరాబాద్‌లో పెరిగినవాడికి ఇది నీళ్ళడిగినట్టే ఉంటుంది. రెండేళ్ళుగా అడుగుతున్నాను, ఒక్కరూ గ్లాసుడు ఇచ్చిన పాపాన పోలేదు.) ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది. సందర్భం బాధాకరమైనది కదా అని గొంతులో కాస్త విషాదం కూడా కలిపి, వాక్యం మొత్తం తప్పు లేకుండా అప్పజెప్పాను.

కుట్టుమిషన్ ఆగింది. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొచ్చిన ఒకాయన తల తిప్పాడు. పెద్దావిడ నన్ను కాళ్ళ నుంచి మెడ దాకా తీరిగ్గా చూసింది. మొహంలో పిసరంత నవ్వు లేదు.

"ష్వెజి?" అంది.

స్వీడన్ వాళ్ళా అని. నా కోటు నిజంగానే స్వీడన్ కంపెనీది! లేబుల్ చూడకుండా ఇంత దూరం నుంచి పట్టేసిందంటే అనుభవం మాటలా? "అవునండీ, స్వీడన్‌దే" అన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా. "డిస్కౌంట్‌లో వచ్చింది" అన్నాను.

ప్యాంటు ఆయన గోడ పట్టుకున్నాడు.

తేరుకున్నాక ఆయనే చెప్పాడు, చక్కటి ఇంగ్లీషులో. (ఆ నోరేదో ముందే విప్పొచ్చుగా!) ఒబ్లెంజెన్యె అంటే ముట్టడి. 1655లో స్వీడన్ సైన్యం పోలండ్ మీద విరుచుకుపడింది. ఆ దండయాత్రని వీళ్ళు ఇప్పటికీ పొతోప్, అంటే ముంచెత్తిన వరద అంటారు. వార్సా రాజకోటని దోచుకున్నారు. క్షిష్తోపూర్ అనే కోట కట్టడం పూర్తయి పట్టుమని పదకొండేళ్ళయింది, దాన్నీ పట్టుకున్నారు. ఇవాళ్టికీ అక్కడ మొండిగోడలే. కోట కూలిందని ఎవరన్నా అంటే పోలండ్‌లో మొదట అడిగే ప్రశ్న అదేనట.

అంటే నేను ఆ దుకాణంలో చెప్పుకున్నది ఇదీ. అమ్మగారూ, సుదీర్ఘ ముట్టడి తర్వాత నా కోట కూలింది. స్వీడన్ వాళ్ళా? అవునండీ, డిస్కౌంట్‌లో.

పెద్దావిడ జిప్పు మీద వేలు పెట్టి, చంటిపిల్లాడికి చెప్పినట్టు, "సువాక్" అంది. సువాక్. జిప్పుకి మామూలు మాట. రెండక్షరాల పైన పొల్లు. ఏ కోటతోనూ దీనికి చుట్టరికం లేదు. బట్టల పాఠంలో టోపీలకే అరగంట పట్టిన మేడమ్‌కి ఇది చెప్పడానికి తీరిక లేకపోయింది.

ఆవిడ సబ్బుముక్క రుద్దినట్టుంది, కోటు ఊడింది, పదిహేను జ్లోటీలు ఇచ్చాను. క్లాసు పోయింది.

ఇంటికొచ్చి ఉక్రోషం కొద్దీ మళ్ళీ కార్పస్ తెరిచాను. షష్ఠీ విభక్తిలో కోట అయితే జామ్కు, తాళమో జిప్పో అయితే జామ్కా. ఒక్క అచ్చు తేడా. బ్రాకెట్ల జోలికి పోకుండా ఉత్త జామ్కా అని కొట్టుంటే స్వీడన్ సైన్యం నా దారికి వచ్చేదే కాదు. ఈ సంగతి మేడమ్‌కి మెసేజ్ పెడితే "అది తర్వాతి కోర్సులో వస్తుంది" అని రాసి, పక్కన నవ్వు బొమ్మ పెట్టారు. ఆ కోర్సు ఫీజు వేరు.

నిన్న చొక్కా గుండీ ఊడింది. గుండీని గుజిక్ అంటారు. ఈసారి జాగ్రత్తగా, పది వరుసలు పూర్తిగా చదువుదామని కూర్చున్నాను. మొదటి వరుసలోనే ఎవడో ఎవడితోనో "నీకు గుజిక్ తెలుసు" అంటున్నాడు. నీకు బొత్తిగా ఏమీ తెలియదని అర్థమట.

సూదీ దారం మా గుంటూరు వాడి దగ్గర ఉన్నాయి.