క్యూలో ఎవరున్నారన్నదే భయం

2019 నవంబర్ 23 సాయంత్రం, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్. స్టార్ సిటీ మల్టీప్లెక్స్‌లో 'ఫ్రోజెన్ 2' కోసం పిల్లలతో వచ్చిన కుటుంబాల మధ్యే కుర్రాళ్లు కలబడ్డారు. కొందరి చేతుల్లో పొడవాటి కత్తులున్నాయి. అదే చోట 'బ్లూ స్టోరీ' కూడా ఆడుతోంది. దక్షిణ లండన్‌లోని నల్లజాతి కుర్రాళ్ల ముఠా తగాదాల కథ అది. ఇంకేం, నిందితుడు దొరికిపోయాడు. వ్యూ సంస్థ తన థియేటర్లన్నిటి నుంచీ ఆ సినిమాను ఎత్తేసింది. షోకేస్ సంస్థా అదే దారి పట్టింది.

ఆ తొందరలో ఒక సంగతి మరుగున పడింది. 15 ఏళ్లు నిండనివారికి ఆ సినిమాకు ప్రవేశమే లేదు. గొడవలో అరెస్టయినవారిలో 13, 14 ఏళ్ల పిల్లలున్నారు. ఏ సినిమా తమను రెచ్చగొట్టిందని లోకం అనుకుందో, దానికి టికెట్ కొనే వయసే వాళ్లకు రాలేదు. మంచు రాకుమార్తెల బొమ్మల సినిమా చూసి కత్తులు దూశారని మాత్రం ఎవరూ అనలేదు.

దర్శకుడు రాప్‌మన్ తీసిన 'బ్లూ స్టోరీ'లో కుర్రాళ్లిద్దరూ ఒకే బడి స్నేహితులు. ఒకడిది డెట్‌ఫర్డ్, ఇంకొకడిది పెక్కమ్. పేట పేరే వాళ్లను శత్రువులను చేస్తుంది. సినిమా చూసినవారి వెంట ఇంటిదాకా వచ్చేది దుఃఖమే. కొద్ది రోజులకు రెండు సంస్థలూ దాన్ని మళ్లీ ఆడించాయి. పడిన మచ్చ మాత్రం పోలేదు.

ఈ తంతు కొత్తది కాదు. 1991 జూలై 12న అమెరికాలో 'బాయిజ్ ఎన్ ద హుడ్' విడుదలైంది. దర్శకుడు జాన్ సింగిల్టన్‌కు అప్పటికి 23 ఏళ్లు. మొదటి రోజే పలు థియేటర్ల దగ్గర కాల్పులు, కొట్లాటలు జరిగాయి. షికాగో శివారులో ఒకరు చనిపోయారు. కొన్ని థియేటర్లు సినిమాను తీసేశాయి. హత్యకు గురవుతున్న నల్లజాతి యువకుల లెక్కతో మొదలై, శాంతిని పెంచండి అనే వేడుకోలుతో ముగిసే సినిమా అది! చూడకుండానే తీర్పు చెప్పినవారికి ఆ వేడుకోలు వినపడే అవకాశం ఎక్కడిది?

థియేటర్ యజమానుల భయం ఉత్తదేనని నేను అనను. ప్రాణాలు పోయాయి. అయితే కారణాన్ని తెర మీద వెతికినంత శ్రద్ధగా గుమ్మం దగ్గర వెతకలేదు. అదే ఏడాది మార్చిలో నల్లజాతి మాదకద్రవ్యాల ముఠా కథ 'న్యూ జాక్ సిటీ' విడుదలప్పుడు లాస్ ఏంజెలిస్‌లోని వెస్ట్‌వుడ్‌లో ఏం జరిగింది? సీట్లకు మించి టికెట్లు అమ్మారు. డబ్బు కట్టినవాళ్లను బయటే ఆపేశారు. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసులు చావబాదిన వీడియో ఆ వారమంతా టీవీల్లో తిరుగుతోంది. గుంపు చేతిలో దుకాణాల అద్దాలు పగలడానికి ఇన్ని కారణాలుండగా, పత్రికలకు నచ్చిన కారణం సినిమా ఒక్కటే.

1989లో న్యూయార్క్ పేటలో జాతి ఘర్షణ కథ 'డూ ద రైట్ థింగ్' వచ్చినప్పుడూ కొందరు సమీక్షకులు అల్లర్లు తప్పవని ముందే హెచ్చరించారు. ఒక్క అల్లరీ జరగలేదు. లాస్ ఏంజెలిస్ నిజంగా తగలబడింది 1992 ఏప్రిల్ 29న. కింగ్‌ను కొట్టిన పోలీసులను సిమీ వ్యాలీ జ్యూరీ నిర్దోషులని చెప్పిన రోజు అది.

సింగిల్టన్ సినిమాకు తొమ్మిది రోజుల ముందే 'టెర్మినేటర్ 2' విడుదలైంది. దాని పోస్టర్ మీద మోటార్‌సైకిలెక్కిన హీరో చేతిలో షాట్‌గన్ ఉంది. దాని వల్ల ఎవరికీ నిద్ర కరువు కాలేదు. 1992 జనవరిలో, న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెం కుర్రాళ్ల కథ 'జూస్' వచ్చే సమయానికి, దాని పోస్టర్ మీది తుపాకీని పారామౌంట్ స్టూడియో చెరిపించింది. సినిమాలో తుపాకులన్నీ ఉన్నచోటే ఉన్నాయి.