చదును కప్పు గారి సముఖానికి

మహారాజశ్రీ చదును కప్పు గారి సముఖానికి, తమరి నీడనే పన్నెండేళ్లుగా కొలువు చేస్తున్న ఈ వాణిజ్య భవన నిర్వహణాధికారి నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. మర్యాద గనుక ఆ మాట రాశానే గాని, పై అంతస్తులో ఫైళ్ల బీరువా మీద పెట్టిన బకెట్ రాత్రి నుంచి రెండుసార్లు నిండింది గనుక తమరి కుశలం మీద నాకు కొంత అనుమానముంది.

తమరి పేరు చదును. చదునుగా ఉండకూడదన్నది తమరి శాస్త్రంలో మొదటి పాఠం. అడుగు పొడవుకు పావు అంగుళమైనా, అంటే సుమారు 2 శాతం, వాటం ఉండాలి. వాన వెలిసి 48 గంటలైనా నీరు కదలకపోతే దాన్ని లోపంగానే లెక్కిస్తారు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. తమరి మీద పడ్డ నీటికి ఆ పల్లం ఎటుందో ఇంతవరకు తెలియలేదు, అందుకని నడుమనే చిన్న చెరువై స్థిరపడింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక కిలో బరువు. ఆ లెక్కన 100 చదరపు మీటర్లలో 25 మిల్లీమీటర్లు నిలిస్తే రెండున్నర టన్నులు. అందులో పిట్టలు స్నానం చేస్తుంటే చూసి ముచ్చటపడినవాణ్ని నేనే కనుక, ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

ఇప్పుడు నీరు దిగకుండా తమరికి కొత్త పొర కప్పాలని కమిటీ వారు సంబంధాలు చూస్తున్నారు. వేడి తారుతో పొర మీద పొర వేసే పాత పద్ధతి కుటుంబంలో పెద్దాయన వంటిది: బరువెక్కువ, వాసన ఎక్కువ, కానీ పైపొరకు దెబ్బ తగిలినా కింద ఇంకో రెండు మూడు పొరలు కాస్తాయి. 1960ల నుంచి వాడుకలో ఉన్న ఈపీడీఎం అనే నల్ల రబ్బరు షీటు ఎండకు తట్టుకుంటుంది, లాగితే సాగుతుంది. నూనె, జిడ్డు మాత్రం దానికి గిట్టవు. టీపీఓ, పీవీసీ అనే తెల్ల ప్లాస్టిక్ షీట్ల అతుకులను వేడిగాలితో కరిగించి కలుపుతారు గనుక రెండు అంచులూ ఒకటే షీటవుతాయి, తెలుపు గనుక ఎండను తిప్పికొట్టి ఏసీ మీద భారం తగ్గిస్తాయి. మా భవనంలో హోటల్ వంటగది పొగగొట్టం తమరి నెత్తి మీదే తెరుచుకుని రోజూ జిడ్డు కక్కుతోంది. అంతటి జిడ్డును ఓర్చుకోవడంలో వీటన్నిటిలోకీ పీవీసీకి మంచి పేరుంది. ఈ ఒక్క సంగతితోనే సగం సంబంధాలు తేలిపోవలసింది.

తేలలేదు. కమిటీ వారు అడిగిన ప్రశ్న ఒక్కటే: వారంటీ ఎన్నేళ్లు? ఏళ్ల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంది గనుక అందరూ చదివారు. నిల్వనీటి వల్ల కలిగే నష్టం, అనుమతి లేకుండా వేరెవరో పొరను కోయడం, క్రమం తప్పకుండా తనిఖీ చేసిన రికార్డు లేకపోవడం వంటివి వారంటీ కిందికి రావన్న చిన్న అక్షరాలను నేనొక్కణ్నే చదివాను. అందులో తమరికి లేని జబ్బు ఒక్కటీ కనబడలేదు.

అసలు తమరు కారేది నడిమధ్యన కాదు. పిట్టగోడ మూలల్లో, తూము చుట్టూ, పైపు బయటికి పొడుచుకొచ్చిన చోట కారతారు. పొరను గోడ మీదికి కనీసం 8 అంగుళాల ఎత్తు మడిచి, పై అంచును బిగించి మూయవలసిన చోట, మా వద్ద నాలుగు అంగుళాలు ఎక్కించి సిమెంటు మెత్తారు. దానికి తోడు, ఏసీ బాగుచేయడానికి వచ్చిన మనిషి ఒక స్క్రూ వదిలి వెళ్లాడు. దాన్ని ఎవరి బూటు మడమో తొక్కింది. అక్కడ దిగిన నీరు, పొర అడుగున వేడిని ఆపడానికి పరిచిన ఇన్సులేషన్ పలకల కింద పాక్కుంటూ ముప్పై అడుగుల అవతల, సరిగ్గా ఫైళ్ల బీరువా మీద ఉదయించింది. పొర వేసినవారు ఏసీ వారిని, ఏసీ వారు ప్లంబరును, ప్లంబరు వానను చూపించారు. తిలా పాపం తలా పిడికెడు.

ఇంత జరిగాక కమిటీలో ఒక పెద్దమనిషి, పాతది పీకకుండా దాని మీదే తెల్ల షీటు పరిచేస్తే ఖర్చు కలిసొస్తుంది గదా అన్నారు. కింద ఇన్సులేషన్ తడిసి ఉండగా పైన మూత వేస్తే ఆ తడి ఎటూ పోలేదు. వేడిని ఆపవలసిన పలక తడి గుడ్డై కూర్చుంటుంది. పైన పటారం, లోన లొటారం. పగలంతా ఎండ కాశాక, పొద్దుగూకిన తర్వాత థర్మల్ కెమెరాతో చూస్తే తడిసిన చోట్లు వేడిని ఇంకా పట్టుకుని వెలుగుతూ కనబడతాయి. ఆ చోట్లు కోసి తీసేసి, వాటం సరిచేసి, ఆ పైన షీటు రంగు గురించి మాట్లాడుకుందామని మనవి చేశాను. నా మనవిని మినిట్స్‌లో "ఇతర విషయాలు" కింద నమోదు చేశారు.

ఇట్లు,
బకెట్ మార్చడానికి మెట్లెక్కుతున్న
తమ విధేయుడు

తాజా కలం: ఈ లేఖ అంటించే ముందు పైకి వచ్చి, తమరి తూము జాలీకి అడ్డంపడిన పాలిథిన్ సంచి తీశాను. పది నిమిషాల్లో చెరువు సగం దిగింది. మిగతా సగానికి వాటం లేదు గనుక అక్కడే ఉంది; పిట్టలు మళ్లీ వచ్చాయి.