నిక్సన్‌ని ఓడించింది పౌడరేనా?

అమెరికాలో ఎన్నికలు దగ్గరపడితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక కథ వచ్చి వాలుతుంది. ఎన్నికలు లేని రోజుల్లో ఇంటర్వ్యూ మెళకువలు నేర్పే క్లాసుల్లో తిరుగుతూ ఉంటుంది. నేను మొదటిసారి విన్నది అలాంటి క్లాసులోనే, టై ఎలా కట్టుకోవాలో చెప్పే స్లైడ్ తర్వాత.

కథ ఇది. 1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన డెమొక్రాట్ కెన్నెడీ, రిపబ్లికన్ నిక్సన్ టీవీలో చర్చకు దిగారు. నిక్సన్ మేకప్ వద్దన్నాడు, చెమటలు కక్కాడు. కెన్నెడీ సినిమా హీరోలా మెరిశాడు. రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడన్నారు, టీవీలో చూసినవాళ్లు కెన్నెడీ గెలిచాడన్నారు. ఆ ఒక్క రాత్రితో ఎన్నిక తారుమారైపోయింది. కాబట్టి మాటకన్నా మొహం ముఖ్యం.

ఇందులో చెమట నిజం. మిగతావాటి సంగతి చూద్దాం.

ముందు రేడియో ముచ్చట, ఎందుకంటే కథకి ప్రాణం అదే. "రేడియో విన్నవాళ్లు నిక్సన్ అన్నారు" అనడానికి అంకెలతో చూపించే ఆధారం ఒక్కటే: సిండ్లింగర్ అనే మార్కెట్ రీసెర్చ్ కంపెనీ చేసిన సర్వే. వాళ్లు 2,100 మందికి పైగా జనాన్ని అడిగారు. అందులో చర్చని రేడియోలో విన్నవాళ్లు 282 మంది. ఆ 282 మందిలో ఎవరు గెలిచారో చెప్పినవాళ్లు 178 మంది. యాభై రాష్ట్రాలకి పంచితే రాష్ట్రానికి నలుగురు కూడా రారు. మన పెళ్లిళ్లలో ఒక బంతికి కూర్చునే జనం అంత. దాదాపు 7 కోట్ల మంది చూసిన చర్చ గురించి అరవై ఏళ్లుగా తీర్పు చెబుతున్నది ఈ ఒక్క బంతి.

పైగా ఆ 178 మంది ఏ ఊరివాళ్లు, అంతకుముందు ఎవరికి ఓటేద్దామనుకున్నారు అన్నది ఎవరికీ పట్టలేదు. 1960 నాటికి అమెరికాలో పది ఇళ్లకు దాదాపు తొమ్మిదింట్లో టీవీ ఉంది. అలాంటప్పుడు రేడియోకి మిగిలింది ఎవరు? సిగ్నల్ సరిగా అందని పల్లెల వాళ్లు ఎక్కువగా ఉండి ఉంటారు. అలాంటి చోట్ల ప్రొటెస్టెంట్లదే మెజారిటీ, క్యాథలిక్ అయిన కెన్నెడీ మీద అనుమానమూ ఎక్కువే. అంటే వాళ్లు రేడియో పెట్టకముందే నిక్సన్ మనుషులై ఉండొచ్చు. 1987లో వాన్సిల్, పెండెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లొసుగులన్నీ విప్పి చూపిస్తూ ఒక వ్యాసం రాశారు. అయినా కథ ఆగలేదు, ఆగదు కూడా. అంత బాగుంది మరి!

అలాగని బొమ్మకి బలమే లేదని నేను వాదించను. ఆ రోజుల్లోనే రాల్ఫ్ మెక్‌గిల్ అనే అట్లాంటా పత్రికాకారుడు తనకు తెలిసిన కొందరిని రేడియో వినమంటే, వాళ్లు నిక్సనే మెరుగన్నారు. 2003లో డ్రక్‌మన్ అనే పరిశోధకుడు పాత రికార్డింగుని కొందరికి చూపించి, కొందరికి వినిపించి పరీక్షిస్తే, చూసినవాళ్లు కెన్నెడీ వైపు కాస్త ఎక్కువ మొగ్గారు. కాబట్టి "టీవీ ప్రభావం కొంత ఉంది" అంటే ఒప్పుకుంటాను. "దేశం రెండుగా చీలిపోయింది" అంటే మాత్రం లెక్క చూపించమంటాను.

ఇక మేకప్. నిక్సన్ మొహానికి ఏమీ రాసుకోలేదన్నది తప్పు. గడ్డం నీడ కనపడకుండా 'లేజీ షేవ్' అనే పౌడర్ రాశారు, లైట్ల వేడికి అది చెమటతో కలిసిపోయింది. స్టూడియో మేకప్ వద్దన్నది ఇద్దరూ. నిక్సన్ అంత పీక్కుపోయి కనిపించడానికి కారణం వేరే ఉంది. ఆగస్టులో ప్రచారంలో మోకాలికి దెబ్బ తగిలి, చీము పట్టి, రెండు వారాలు ఆస్పత్రిలో పడుకున్నాడు. బరువు తగ్గాడు, చొక్కా కాలర్ మెడ చుట్టూ వదులైంది. సెప్టెంబర్ 26న షికాగో స్టూడియో దగ్గర కారు దిగుతుంటే ఆ మోకాలే మళ్లీ తలుపుకి కొట్టుకుంది. ఇక కెన్నెడీ సంగతి వినండి. ఆరోగ్యంతో నిగనిగలాడాడని మనం చెప్పుకునే ఆ మనిషికి అడ్రినల్ గ్రంథులు సరిగా పనిచేయని అడిసన్స్ వ్యాధి ఉంది. అది లేదని ఆయన మనుషులు ఆ ఎన్నికల ముందే చెప్పేశారు. కోలుకుంటున్నవాడు రోగిలా కనిపించాడు, దీర్ఘరోగి హీరోలా కనిపించాడు. క్లాసుల్లో ఈ సగం ఎందుకు చెప్పరో!

"ఒక్క రాత్రితో తారుమారైంది" అన్నదానికి జవాబుగా గ్యాలప్ అనే సర్వే సంస్థ అంకెలు చాలు. చర్చకి ముందు నిక్సన్ 47 శాతం, కెన్నెడీ 46. తర్వాత కెన్నెడీ 49, నిక్సన్ 46. నిక్సన్ పోగొట్టుకున్నది ఒక్క శాతం, అదీ సర్వేల్లో మామూలుగా ఉండే తేడాలోనే. నవంబర్‌లో దాదాపు 6.9 కోట్ల ఓట్లు పడితే ఇద్దరి మధ్య తేడా సుమారు 1,13,000. ఇంత సన్నటి తేడాలో పౌడర్‌ని కారణమనొచ్చు, కాదనను. కానీ అప్పుడు మిగతావాటినీ అంతే గట్టిగా అనాలి. యాభై రాష్ట్రాలూ తిరుగుతానని మాటిచ్చి నిక్సన్ చివరి రోజుల్లో అలాస్కా దాకా వెళ్లాడు. అవతల ఇల్లినాయ్ రాష్ట్రం 9,000 లోపు ఓట్లతో పోయింది. అక్టోబర్‌లో నల్లజాతివాళ్ల హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జైల్లో ఉంటే కెన్నెడీ ఆయన భార్యకి ఫోన్ చేశాడు, నిక్సన్ నోరు మెదపలేదు. ఆర్థిక మాంద్యం ఒకపక్క. వీటన్నిటికన్నా దెబ్బ సొంతవాళ్ల నుంచే తగిలింది. "నిక్సన్ చెప్పగా మీరు తీసుకున్న పెద్ద నిర్ణయం ఒకటి చెప్పండి" అని విలేకరి అడిగితే, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ "వారం టైమిస్తే ఒకటి గుర్తు రావచ్చు" అన్నాడు. ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడిగా పనిచేసినవాడి గురించి! డెమొక్రాట్లు దాన్ని టీవీ ప్రకటనగా వాడుకున్నారు. మొదటి చర్చలోనూ ఆ ప్రశ్న వచ్చింది.

టీవీ అంటే నిక్సన్‌కి తెలియదన్న మాట కూడా నిలవదు. 1952లో విరాళాల గొడవలో ఉపాధ్యక్ష అభ్యర్థిత్వం ఊడిపోయే దశలో ఆయన్ని కాపాడింది టీవీనే. భార్యని పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లలకి ఎవరో ఇచ్చిన చెకర్స్ అనే కుక్కపిల్లని వెనక్కి ఇవ్వనని చెప్పి గట్టెక్కాడు.

అయితే మొదటి చర్చలో నిక్సన్ తేలిపోయాడని నాకూ అనిపిస్తుంది. రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది. ఈమధ్య ఫోన్ బోర్లా పెట్టి, బొమ్మ చూడకుండా విన్నాను. కెన్నెడీ లింకన్‌తో మొదలుపెడతాడు: 1860లో ఈ దేశం సగం బానిసత్వంలో, సగం స్వేచ్ఛలో ఉండగలదా అన్నది ప్రశ్న, ఇప్పుడు ప్రపంచం అలా ఉండగలదా అన్నది ప్రశ్న అంటాడు. ఎనిమిది నిమిషాలూ దేశం ఇంకా ముందుకెళ్లాలనే ఒకటే పాట. తర్వాత నిక్సన్ వచ్చి మొట్టమొదట అన్నమాట, సెనేటర్ కెన్నెడీ చెప్పినవాటితో మనలో చాలామంది ఏకీభవించవచ్చని! లక్ష్యాలు ఒకటే, దారులే వేరని ఆ తర్వాతా అంటాడు. పాత దూకుడు మనిషి అన్న ముద్ర చెరుపుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు, ఆయన పాటించాడు. ఎదుటివాడి మాటకి తల ఊపుతూ మొదలుపెట్టిన మనిషికి ఏ మేకప్ వేసి ఏం లాభం? ఫోన్ బోర్లా ఉన్నా ఆ ఓటమి వినిపిస్తూనే ఉంది.

ఇంకోటి. ఆ ప్రచారమంతా కెన్నెడీ క్షిపణుల్లో సోవియట్లు అమెరికాకన్నా ముందున్నారని ఊదరగొట్టాడు. ఆ అంతరం నిజం కాదు. 1961 ఫిబ్రవరిలో ఆయన సొంత రక్షణ మంత్రి మెక్‌నమారానే అలాంటిదేమీ లేదని విలేకరులకి చెప్పేశాడు. నిక్సన్ పౌడర్ గురించి వంద ఫార్వర్డులు వచ్చాయి గానీ, దీని గురించి నాకు ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు.