సవరణ: ‘పెనిన్సులా’ను విమర్శకులందరూ తిరస్కరించారనడం సరికాదు

కొరియా జాంబీ (నడిచే శవాల) చిత్రం ‘ట్రెయిన్ టు బుసాన్’ (2016) దర్శకుడు యోన్ సాంగ్ హో తానే తీసిన కొనసాగింపు ‘పెనిన్సులా’ (2020)ను విమర్శకులు ముక్తకంఠంతో తిరస్కరించారని, అందులో పాత పాత్రలే కొనసాగుతాయని గత వారం రాశాను. రెండూ తప్పులే. విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకురాలు ఎత్తిచూపాక, నిన్న రాత్రి సినిమా మళ్లీ చూసి, సమీక్షలు తిరగేసి ఇది రాస్తున్నాను.

కథ మొదటి సినిమాలోని ఘటనలు జరిగిన నాలుగేళ్ల తర్వాత, కొత్త మనుషులతో నడుస్తుంది. మొదటి సినిమాలో రైలు పెట్టెల ఇరుకులో పుట్టిన ఉత్కంఠ, తండ్రీకూతుళ్ల బంధం రగిలించిన ఆర్ద్రత ఇందులో లేవని, కార్ల ఛేజ్‌లు గ్రాఫిక్స్ మయమయ్యాయని చాలామంది నొచ్చుకున్న మాట నిజమే గాని, ఆ వేగాన్ని మనసారా మెచ్చుకున్నవారూ ఉన్నారు. ఆ ఏడాది కేన్స్ చలనచిత్రోత్సవ అధికారిక ఎంపికలోనూ ఈ చిత్రానికి చోటు దక్కింది. ఇందులోని ఇద్దరు అక్కాచెల్లెళ్లలో అక్క బండిని దూకిస్తుంటే, చెల్లెలు దీపాలు మెరిసే రిమోట్ బొమ్మకారుతో జాంబీలను పక్కకు మళ్లిస్తుంది (చీకట్లో వాటికి వెలుతురు, చప్పుడే ఆనవాళ్లు). అంత చక్కటి ఊహను ప్రస్తావించకపోవడం నా వల్ల జరిగిన అన్యాయం. పాఠకులు మన్నించాలి. పాత వ్యాసంలోని ఆ రెండు వాక్యాలను తొలగించాను.