మహారాజశ్రీ పొట్టి విమానం గారికి

బెజవాడ ఆటోనగర్ నుంచి ఒక లారీ ఓనరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ ఎత్తు చూస్తే 'నువ్వు' అనాలనిపిస్తుంది. టికెట్టు ధర చూశాక 'మీరు' అంటున్నాను.

నెలకు రెండుసార్లయినా నాకు హైదరాబాదులో పనుంటుంది. హైదరాబాదు మాకు పడమర. మీకోసం నేను ముందు తూర్పుకు, గన్నవరానికి, 20 కిలోమీటర్లు పోతాను. రామవరప్పాడు రింగు దాటి, బెల్టూ పర్సూ ట్రేలో పెట్టి, మళ్లీ తగిలించుకుని కూర్చునేసరికి, నాతోపాటే ఇంట్లోంచి బయల్దేరి బస్సెక్కినవాడు నందిగామలో ఉంటాడు. అయినా మీ దగ్గరికే వస్తాను. విమానంలో వచ్చానంటే హైదరాబాదులో పార్టీలు కుర్చీ వేసే తీరు వేరు.

గన్నవరంలో ఇప్పుడున్న రన్‌వే 3360 మీటర్లు. దానికోసం బుద్ధవరం, కేసరపల్లి రైతులు పొలాలిచ్చారు. మీరు నిండు బరువుతో లేవడానికి 1300 మీటర్లు చాలట. పెళ్లికి పెద్ద పందిరి వేస్తే మగపెళ్లివారు ఆటోలో దిగినట్టుంది. 'ఇంత గిరాకీ ఉన్న దారిలో ఇంత చిన్న బండి ఏంటండీ' అని పక్కసీటాయన మొన్న నన్నడిగాడు. లారీలు తిప్పేవాణ్ణి కాబట్టి అక్కడికక్కడే మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను.

నా పది టైర్ల బండిని గుంటూరు మిర్చి యార్డుకు రోజూ పంపితే ఏమవుతుంది? పోవడానికి గంట, లోడుకి ఓ పూట. బండి తిరిగితే నాకు డబ్బు, నిలబడితే ఫైనాన్సువాడికి. దూరం లోడుకి పెద్దబండి, దగ్గర లోడుకి చిన్నబండి. 180 సీట్ల జెట్టుదీ అదే బాధ. గంటకు 800 కిలోమీటర్ల పరుగు నేర్చిన గుర్రాన్ని మా హైదరాబాదు దారిలో వదిలితే, పైకెక్కీ ఎక్కకముందే కిందికి దిగాలి. ఎక్కేటప్పుడే కదా నూనె తాగేది. మీరు పంఖాలు తిప్పుకుంటూ 500 వేగంతో పోయినా తేడా పది, పదిహేను నిమిషాలు. అది శంషాబాద్‌లో బ్యాగుల బెల్టు దగ్గర హారతి కర్పూరమైపోతుంది.

ఇంకోటి కూడా చెప్పాను ఆయనకి. నెహ్రూ బస్టాండులో హైదరాబాదు బస్సుకి టైము చూసుకుని వెళ్లేవాళ్లు తక్కువ. ఎప్పుడెళ్లినా ఏదో ఒకటి కదులుతూ ఉంటుంది. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే వ్యాపారస్తుడికి విమానమైనా అలాగే ఉండాలి. వాడు ఆఖరి నిమిషంలో కొంటాడు, బేరమాడడు, ఖర్చు కంపెనీ ఖాతాలో రాస్తాడు. రోజుకు రెండు పెద్దవి తిప్పేవాణ్ణి వదిలేసి ఐదు చిన్నవి తిప్పేవాడి దగ్గరికి పోతాడు. శంషాబాద్‌లో ఇంకో విమానం మారేవాళ్లకీ అంతే. అక్కడ నాలుగు గంటలు కూర్చోబెడితే వాళ్లు మళ్లీ మీ మొహం చూడరు.

ఇంతవరకూ మీది ధర్మమే. పేచీ మీ సీట్ల లెక్క దగ్గర వచ్చింది.

ఒకసారి ఊసుపోక మీ సీట్లు లెక్కపెట్టాను. 78. ఏటీఆర్ 72 అని పేరు, లోపల 78. పెట్టేవాళ్లు 80 పెట్టొచ్చుగా? విచారిస్తే తేలింది: మన దేశంలో 80 సీట్ల లోపు దేశీయ షెడ్యూల్డ్ విమానాలకు ల్యాండింగ్ చార్జీ మాఫీ. పైగా 40 టన్నుల లోపు విమానం తాగే నూనె మీద రాష్ట్రాలు ఇష్టం వచ్చినంత పన్ను వేయకుండా కేంద్ర చట్టమే కళ్లెం వేసింది. మీ బరువు 23 టన్నులు. లారీ బాడీ కొట్టించేటప్పుడు స్లాబు దాటకుండా కొలతలు చూసుకునే విద్య మా ఆటోనగర్ సొత్తనుకుని ఇన్నాళ్లూ మీసం తిప్పాను. దించుకుంటున్నాను. ఒక్కటే చిన్న మనవి, ఆ మాఫీలో నా వాటా ఎక్కడ పడిందో చూద్దామని టికెట్టు వెనక్కి తిప్పి కూడా వెతికాను. కనపడలేదు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి ఫోన్లో చెబితే పడిపడి నవ్వాడు. 'మామయ్యా, ఇక్కడ ఇంకా ఘోరం' అన్నాడు. అక్కడ పెద్ద కంపెనీలు తమ రంగులేసి చిన్న జెట్లను వేరే కంపెనీల చేత నడిపిస్తాయట. మన ఆర్టీసీ అద్దె బస్సే అనుకోండి. చిన్న కంపెనీ పైలట్ల జీతాలు తక్కువ కాబట్టి, అన్ని విమానాలూ వాళ్లకే ఇచ్చేస్తారేమోనని పెద్ద కంపెనీల పైలట్ల సంఘాలు అగ్రిమెంటులో గీత గీయించాయి: 76 సీట్లు, 86 వేల పౌండ్ల బరువు, అంటే సుమారు 39 టన్నులు. దాటితే పెద్ద కంపెనీ పైలటే నడపాలి. బ్రెజిల్‌లోని ఎంబ్రాయర్ కంపెనీ తన ఈ175కి నూనె తక్కువ తాగే కొత్త ఇంజిన్లు పెట్టింది. ఇంజిన్లు బరువై విమానం గీత దాటింది. మంచి బండి చేసినందుకు కొనేవాడు లేక ఆ పని పక్కన పెట్టుకుంది. ఇంకో కంపెనీ 70 సీట్ల జెట్టులోంచి 20 సీట్లు పీకేసి దానికి సీఆర్‌జే 550 అని కొత్త పేరు పెట్టుకుంది. అగ్రిమెంటులో అంతకంటే పెద్దవాటి కోటా నిండిపోయి 50 సీట్ల కోటా మిగిలింది కాబట్టి! ఇంట్లో గదులు ఎక్కువై పన్ను పడుతుందని గోడ పడగొట్టుకున్నట్టు లేదూ?

అంటే మీరు పొట్టిగా పుట్టలేదు. గుమ్మాలు చూసి మిమ్మల్ని పొట్టి చేశారు. అందుకు నాకు జాలే.

కానీ పోయిన నెల సంగతి మాత్రం మనసులో ఉండిపోయింది. మీ యజమాని పేరెందుకులెండి, రెండింటి విమానం 'నిర్వహణ కారణాల వల్ల' రద్దని మెసేజీ పెట్టి, మా అందరినీ సాయంత్రం దాంట్లో సర్దాడు. సర్దగలిగాడంటే అందులో అన్ని సీట్లు ఖాళీ ఉన్నట్టే గదా. బెంజి సర్కిల్ దగ్గర ఆటోవాడు సగం జనంతో కాసేపు నిలబడి, 'అన్నా, ఇంజిను బాలేదు, ఆ ముందు బండెక్కండి' అంటాడే, ఆ గొంతు నాకు మెసేజీలో వినపడింది. ఎక్కువసార్లు తిప్పడానికే చిన్నవి అని నేను పదిమందిలో మీ తరఫున వాదించినవాణ్ణి. తిప్పడం తగ్గిపోయి చిన్నతనం ఒక్కటే మిగిలితే రేపు ఆ పక్కసీటాయనకి ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను?

సరే, అలిగి ఎక్కడికి పోతాం. బుధవారం మళ్లీ వస్తున్నాను. ఈసారి మా వియ్యంకుడు కూడా ఉన్నాడు, మొదటిసారి మీ దర్శనం. అందరికంటే ముందు దిగాలని, అదనంగా డబ్బు కట్టి ముందు వరుస సీటు తీసుకున్నానని నిన్న ఫోన్లో గొప్పగా చెప్పాడు. మీకు తలుపు వెనకాల ఉంటుందని నేను చెప్పలేదు.

చిత్తగించవలెను,
ఆఖరి వరుస, కిటికీ సీటు