తిరగబడిన మరమనిషి గారికి, మా బోరు దగ్గర నుంచి

కథల్లోనూ సినిమాల్లోనూ కాపురముండే శ్రీ మరమనిషి గారికి, అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు నాలుగు ఎకరాల వేరుశనగ, ఒకటిన్నర అంగుళం నీళ్ల బోరు ఉన్న రైతు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీ వంశచరిత్ర మా అబ్బాయి చెబితే విన్నాను. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత రాసిన నాటకంలో మీకు రోబో అని నామకరణం జరిగిందట. ఆ భాషలో రోబోత అంటే వెట్టిచాకిరి. బారసాలలోనే వెట్టివాడని పిలిస్తే ఎవరైనా తిరగబడతారు, అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. తిరగబడిన తర్వాతి సంగతే నాకు మింగుడుపడలేదు. ఒక్కణ్ని తప్ప మనుషులందరినీ చంపేశారు. తీరా చూస్తే మీలాంటివారిని తయారుచేసే సూత్రం రాసిన కాగితాలు ముందే కాలిపోయాయి. విత్తనపు కాయలు వేయించుకు తిన్న సంసారాలు మా ఊళ్లోనూ ఉన్నాయి గానీ, వాళ్లు దాన్ని విప్లవమని చెప్పుకోలేదు.

ఆ నాటకంలో మీరు ప్రాణాలతో వదిలింది ఆల్‌క్విస్ట్ అనే ఆ ఒక్క మనిషినే. మీలాగే చేతులతో పనిచేస్తాడు కాబట్టి! అది విన్నాక నాకు భయం పోయింది. నా అరచేతులు చూపిస్తే చాలు. మండలాఫీసు గుమాస్తాల సంగతి వాళ్లే చూసుకోవాలి.

1942 నాటి ఐజాక్ అసిమోవ్ కథలో మీ వాడొకడు బుధగ్రహం మీద ఉంటాడు. ఒక మడుగు నుంచి సెలీనియం అనే పదార్థం తెమ్మని మనిషి ఆజ్ఞ, దగ్గరికి వెళితే ప్రాణగండం. రెండూ సరిసమానంగా లాగిన చోట ఆ మడుగు చుట్టూ గంటల తరబడి తిరుగుతాడు. మేము గానుగెద్దు అనేదాన్ని చదువుకున్నవాళ్లు మూడు సూత్రాలు (మనిషికి హాని చేయకు, చెప్పింది చెయ్యి, నీ ప్రాణం కాపాడుకో) అంటారు కాబోలు. ఖరీదైన సరుకని అతనికి ప్రాణభయం కాస్త ఎక్కువే పెట్టారట.

మీ బంధువొకడు మా బోరు దగ్గర ఉన్నాడు, ఆటో స్టార్టరు. చవక సరుకు కాబట్టి ప్రాణభయం బొత్తిగా పెట్టలేదు. కరెంటు ఏ జామున వచ్చినా డబ్బాలో టక్కుమంటుంది, మోటారు తిరుగుతుంది. మొన్న వేసవిలో బోరులో నీళ్లు దిగిపోయాయి. పైపులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. మోటారును చల్లబరిచేది చుట్టూ ఉండే నీళ్లే, అవి లేకున్నా మీ వాడు ఆపలేదు. పొద్దున వెళ్లి చూస్తే డబ్బా వెచ్చగా ఉంది, దీపం వెలుగుతోంది, వైండింగు మాడిపోయింది. తిప్పడం వాడి పని. నీళ్లు కావాలన్నది నా కోరిక. ఆ కోరికను డబ్బాలో ఎవరూ పెట్టలేదు.

పైపులన్నీ పైకి లాగిస్తూ వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. గట్టు మీద కూర్చున్న మా ఆవిడ అంది: "దాన్నెందుకు తిడతారు? నాలుగు చినుకులు పడగానే మీరు చేసేది మాత్రం ఏమిటి?"

నిజమే. పక్క చేనువాళ్లు కంది వేశారు, చీనీ (బత్తాయి) చెట్లు పెట్టారు. నేను మాత్రం తొలకరి పడితే వేరుశనగ విత్తుతాను, ఆగస్టులో ఆకాశం చూస్తాను. నన్ను కూడా ఎవరో ఆటోలో పెట్టి వెళ్లిపోయినట్టున్నారు.

అందుకే ఈ మనవి. సొంత బుద్ధి రాగానే మీరు కోరేవి రెండే: మనుషుల్ని ఏలడం, లేదంటే మనిషిగా మారడం. మొదటి ఉద్యోగం మా ఊళ్లో ఖాళీ లేదు. రెండోదానికి దరఖాస్తు పెట్టేముందు ఒకసారి మా చేనికి రండి. కాయకోతకు కూలీలు దొరకడం లేదు. చెట్టు పీకి, మట్టి దులిపి, కాయ తెంపాలి. సాయంత్రం రాగిసంగటి, ఊరిబిండి ఉంటాయి. తినలేకపోయినా పక్కన కూర్చోవచ్చు.

రమ్మని ఆజ్ఞాపించడం లేదు. వస్తే రండి, లేకపోతే లేదు. పాపం, మీతో ఇలా అన్నవాళ్లు తక్కువే అయివుంటారు.

ఇట్లు,
స్విచ్చును మాన్యువల్‌కు తిప్పి, అప్పటినుంచి రాత్రులు నిద్రలేని ఒక రైతు